ఘంటసాల గీత, మెదకు శ్రోత

మెదకు పట్టణమున ప్రాతఃకాలమున ఏ వాడనుండియైనను ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠమున భగవద్గీత వినవచ్చినచో, వాకిలి ఊడ్చుచున్న గృహిణి చీపురు నిలిపి, ప్రక్కింటివారిని "ఎవలు వోయిన్రక్కా?" అని యడుగుట పరిపాటి. పాడుచున్నది ఏ అధ్యాయమని యామె యడుగదు; ఎవరి వాకిట పాడుచున్నదో తెలిసికొని, పొయ్యి మీది పని చక్కబెట్టుకొని, ఆ యింటికి బయలుదేరును. ఒక మహాగాయకుని జీవితచరమాంకమున వెలువడిన గానసంపుటము ఇట్లు ఊరికంతటికి మృత్యువార్తాహరమగుట సామాన్యవిషయము కాదు. ఆ గానమును గూర్చి ఈ యూరి శ్రోతలు ఏమనుకొనుచున్నారో, అది ఈ స్థితికి ఎట్లు వచ్చినదో విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

కృష్ణాజిల్లా చౌటపల్లిలో 1922 డిసెంబరు 4వ తేదీన జన్మించిన ఘంటసాలవారికి తొలి సంగీతము సభామందిరములలో గాక భజనలలో అబ్బినది. తండ్రి సూరయ్యగారు మృదంగము వాయించుచు నారాయణతీర్థుల తరంగములు పాడుచుండగా, బాలుడు ఆ పాటకు నృత్యము సేయుచుండెడివాడు. పిమ్మట విజయనగరము చేరి, మధూకరముతో కడుపు నింపుకొనుచు, పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని శాస్త్రీయసంగీతము నభ్యసించి, 1942 నాటి ఉద్యమమున పాల్గొని కారాగారవాసము ననుభవించి, చలనచిత్రరంగమున ప్రవేశించి, "పాతాళభైరవి", "మాయాబజార్", "లవకుశ" వంటి చిత్రములతో తెలుగునాట పాటకు పర్యాయపదమైనాడు. 1970లో పద్మశ్రీ లభించినది. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో పాడుచుండగా గుండెనొప్పి వచ్చినది. అప్పటికే మధుమేహము శరీరమును క్రుంగదీయుచుండెను. చిరకాలముగా మనస్సులో నున్న గీతాగానసంకల్పము ఆ యనారోగ్యములోనే నెరవేరినది. 1974 ఫిబ్రవరి 11వ తేదీన ఆయన మద్రాసులో కన్నుమూసిన పిదపనే ఆ రికార్డు జనుల చేతికి వచ్చినది. తెలుగువారు ఆ గీతను మొట్టమొదట వినినప్పుడే, లేని మనిషి గొంతుగా వినిరి. ఆ గానము మృత్యువుతో ముడివడుటకు ఇదియే ప్రథమకారణమని నా విశ్వాసము.

గీతలోని ఏడువందల శ్లోకముల నుండి నూరు పైచిలుకు మాత్రమే ఏరి, ఒక్కొక్కదానిని భావానుగుణమైన రాగమున పాడి, వెంటనే తెలుగు తాత్పర్యమును తన నోటనే చెప్పుట ఆయన యవలంబించిన పద్ధతి. ఇందలి కౌశలమంతయు పాట ముగిసి మాట మొదలగు చోట నున్నది. శ్లోకాంతమున స్వరము విశ్రమించును. వాద్యములు వెనుకకు తగ్గును. అదే గొంతు, అదే శ్రుతిచ్ఛాయలో, తొందర లేక, ప్రతి యక్షరమును విడదీసి తాత్పర్యమును పలుకును. సంస్కృతగంధము లేని రైతు, బడిముఖము చూడని ముదుసలి, ఆ తాత్పర్యమునకై వేచియుండి తలయూపుదురు. మాటలాడుభాషకు ఎంతో దూరమైన ఆ గ్రాంథికము, కోస్తా ఉచ్చారణముతోనే, మంజీరాతీరపు పల్లెలలో నెవ్వరికిని పరాయిది కాలేదు. విని విని, అక్షరము రానివారే తాత్పర్యములను కంఠస్థము చేసిరి.

అభిప్రాయములు మాత్రము ఏకముఖముగా లేవు. పాత పాటలపై మక్కువగలవారు, "పాతాళభైరవి" నాటి గొంతుతో పోల్చి, గీతలో తారస్థాయి సన్నగిల్లినదనియు, ఊపిరి కొన్నిచోట్ల తడబడినదనియు చెప్పుదురు. మాట నిజమే కావచ్చును. కాని యౌవనమున ఆ గొంతునకు లేని బరువు మంద్రస్థాయిలో వచ్చి చేరినది. స్థితప్రజ్ఞుని లక్షణములను చెప్పుటకు నిగనిగలాడు కంఠముకంటె నిలకడగల కంఠమే యుచితము. పారాయణపరులైన పండితులకు వేరొక యసంతృప్తి: ఏరిన శ్లోకములు గీత యగునా యని. ఈ లోటును తీర్చుటకే గాబోలు, ఎల్.వి. గంగాధరశాస్త్రిగారు ఘంటసాలవారి స్ఫూర్తితో ఏడువందల శ్లోకములను సంపూర్ణముగా గానము చేసిరి. అది గొప్పకృషి. అయినను, పొలమునకు పోవుచు, దుకాణము తెరచుచు వినువానికి సంగ్రహమే చేతికందిన సంగతిని పండితులును మరువరాదు.

మూడవ అభిప్రాయమే ఈ యూరిలో బలవత్తరము: "ఇంట్ల గీత వెట్టొద్దు, అశుభం." ఆలయములో పెట్టినను కొందరు ముఖము చిట్లింతురు. ఇట్టి భావము ఎక్కడిదని వెదకినచో, దోషము గానములో కనబడదు; ఆచారములోని ఖాళీలో కనబడును. మెదకుసీమలో చావు జరిగిన యింట, శవము లేచువరకు రాత్రియంతయు భజనబృందము కూర్చుండి తత్త్వములు పాడెడిది. హార్మోనియము, తాళములు, కంజీర, నడుమ నడుమ చాయ. పాటగాండ్రు పొరుగువారే, కూలి పుచ్చుకొనువారు కారు. జీవనోపాధికై యువకులు హైదరాబాదు చేరుటయు, వృద్ధగాయకులు ఒక్కొక్కరే రాలిపోవుటయు జరిగి, బృందములు పలుచబడినవి. అదే కాలమున క్యాసెట్టు చౌకయైనది. శామియానాతోపాటు మైకుసెట్టు తెచ్చువాడు తన పెట్టెలో గీత క్యాసెట్టును కూడ తెచ్చెను. గొంతులు అలసినవేళ అది పాడెను, పిదప గొంతులే లేనివేళ అదియే పాడెను. నేడు ఫ్రీజరు పెట్టె వచ్చుటతోనే గీత మొదలగుచున్నది, వైకుంఠరథమున పెన్‌డ్రైవులో నిమిడి శ్మశానము వరకు సాగుచున్నది. తండ్రి భజనలో పుట్టిన గానము, భజన యడుగంటిన యిండ్లలో భజనయై నిలిచినది.

కనుక గీతను చావింట పెట్టగూడదని గట్టిగా వాదించు సంస్కర్తలతో నేను ఏకీభవింపజాలను. దేహమును విడిచిన జీవుని ప్రాతవస్త్రములు విడిచిన మనుజునితో పోల్చు శ్లోకమును, మృత్యువు అనివార్యమని చెప్పు శ్లోకమును తన మనిషిని పోగొట్టుకొన్న తల్లి ఆ గొంతున వినుచు కన్నీరు తుడుచుకొనుట చూచినవాడెవ్వడును ఆ మైకును ఆపుమని చెప్పలేడు. నా యభ్యంతరము వేరు. ద్వితీయాధ్యాయము విని లేచిపోవుటయే యలవాటైనందున, తక్కిన గీత మనకు వినబడకున్నది. ఆ యుపదేశము మృతునికై చెప్పినది కాదు. చేయవలసిన పనియెదుట విల్లు జారవిడిచి కూలబడిన సజీవునికై చెప్పినది. ఉద్యోగపరీక్ష తప్పి రాందాసు చౌరస్తాలో దిక్కుతోచక నిలుచున్న పడుచువానికి అది కావలెను. బోరుబావి ఎండి అప్పు మీదపడిన రైతునకు కావలెను. వారికి మాత్రము ఆ గొంతు దూరపు వాడలోని శోకవార్తగా చెవికి తగిలి పోవుచున్నది.

ఏకాదశాధ్యాయము నొక్కసారి శ్రద్ధగా వినుడు. విశ్వరూపమును చూచినవాని యాశ్చర్యముతో మొదలై, ఆ కోరల నడుమ లోకములు నలుగుట గాంచినవాని భీతిగా మారు ఘట్టమది. సినీరంగమున ముప్పదియేండ్లు పరుల ముఖములకు గొంతునిచ్చిన యనుభవము ఇక్కడ అక్కరకు వచ్చినది: అర్జునుడు పలుకునప్పుడు మనిషి వణుకును, భగవానుడు పలుకునప్పుడు ఆ వణుకు మాయమగును, గొంతు మాత్రము ఒక్కటే. నటుడు లేడు, దృశ్యము లేదు, తెర లేదు. ఆయన పాడిన వేలాది పాటలలో ఇంతటి నాటకమును కేవలము కంఠముతో పండించినది వేరొకటి నాకు తోచదు. ఈ యూరి శ్రోతలలో పలువురు ఆ భాగమును తాము విననేలేదందురు. అంత్యయాత్ర అంతవరకు సాగదు గదా!

గీతాజయంతి మార్గశిర శుద్ధ ఏకాదశినాడు. ఘంటసాలవారి జయంతి డిసెంబరు 4న. రెండును తరచు చేరువలోనే వచ్చును. ఆ దినములలో మెదకు ఆలయకమిటీలవారు, ఏడుపాయల కేగు యాత్రికులకు మైకులు కట్టువారు, ఊరిలోని మైకుసెట్టు యజమానులు కలిసి ఆ రికార్డును మొదటి శ్లోకమునుండి తుదిశ్లోకమువరకు, తెల్లవారుజామున, పెండ్లిపందిరికి పాట పెట్టినంత నిస్సంకోచముగా పెట్టవలెనని నా కోరిక. మొదటి యేడు "ఎవలు వోయిన్రు?" అని నలుగురు అడుగుదురు. "ఎవలూ వోలే, ఘంటసాల పుట్టినరోజు" అని మైకు కడ నిలుచున్న పిల్లవాడు చెప్పవలెను.