రేడియో జ్యోతులలో కవలలు



ఆకాశమున ఒకే జ్యోతి రెండుగా కానవచ్చుట కలదనిన మీలో కొందరు దృష్టిదోషమని నవ్వుకొందురు. కాని దీనికి కారణము కాంతి నడచు త్రోవలో నున్నది. పెద్ద గెలాక్సీ ప్రక్కగా వచ్చు కాంతి దాని గురుత్వాకర్షణచే వంగును. అటునిటు వంగిన కిరణములు మనల చేరగా, వెనుకనున్న జ్యోతికి రెండో నాలుగో బింబము లేర్పడును. రేడియో తరంగములును ఇట్లే వంగును. గెలాక్సీలు ఇట్టి కటకములు కాగలవని 1937లో జ్వికీ వ్రాసెను. అటుపిమ్మట 42 సంవత్సరములు ఒక్కటియు దొరకలేదు.

దొరకినదియు వెదకగా దొరకినది కాదు. ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంకున రేడియో జ్యోతుల పట్టికను సిద్ధముచేసి, వానిని ఛాయాచిత్రములలో గుర్తించుచుండగా, ఒకచోట 6 వికలల యెడమున రెండు నీలిచుక్కలు కనబడెను. (వికల యనగా భాగలో 3600వ వంతు, పంచాంగము చూచువారికి నేను చెప్పనక్కరలేదు.) 1979లో వాల్ష్, కార్స్‌వెల్, వేమన్ అను మువ్వురు వాని వర్ణపటములను తీయగా రెండును అచ్చు గ్రుద్దినట్లుండెను.

అదృష్టమును నమ్మి కూర్చుండిన పని సాగదు. 1990ల దశకమున 'క్లాస్' అను అన్వేషణమును, దానికి ముందు జరిగిన మరియొకదానిని కలుపుకొని, అమెరికాలోని వి.ఎల్.ఏ. దూరదర్శినితో 16,503 జ్యోతులను చిత్రించిరి. నాకు తోచినంతవరకు నేర్పంతయు ఆ జ్యోతుల ఎన్నికలోనే యున్నది. దీర్ఘ తరంగములలోను హ్రస్వ తరంగములలోను ఇంచుమించు ఒకే బలము గలవానినే యేరుకొనిరి. అట్టివి సాధారణముగా చిన్న చుక్కలై యుండును. చుక్క రెండైనచో వెంటనే తెలియును. సహజముగనే పలుపాయలుగా నుండు జ్యోతియైనచో, ఏది కవలయో ఏది దాని యవయవమో చెప్పుట కష్టము. పైగా రేడియో తరంగములకు ధూళి అడ్డురాదు. అనుమానము కలిగినవానిని మరింత తీక్ష్ణమైన దూరదర్శినులతో పరీక్షించిరి. కటకము బింబమును పెంచినను తగ్గించినను దాని యుపరితల కాంతిని మార్చజాలదు. కావున మసక బింబము ప్రకాశబింబముకంటె పెద్దదైనచో దానిని త్రోసివేసిరి. ఇట్లు చెరుగగా చెరుగగా చేటలో మిగిలినవి 22 మాత్రమే.

ఇంత శ్రమ యెందుకు? రెండు త్రోవల నిడివి యొకటి కాదు గనుక, జ్యోతిలోని మార్పు ఒక బింబమున ముందు, మరియొకదానిలో ఆలస్యముగా కనబడును. మధ్యనున్న గెలాక్సీలోని ద్రవ్య విన్యాసమును సరిగా నెంచగలిగినచో, ఆ యాలస్యమునుండి విశ్వము విస్తరించు వేగమును గణింపవచ్చునని 1964లో రెఫ్స్‌డాల్ చూపెను. ఆ మొదటి కవలల విషయమున పెద్ద వివాదము పుట్టెను. ఆలస్యము 400 చిల్లర దినములని కొందరు, 500 దాటునని కొందరు. లెక్క మారినచో విశ్వపు కొలతయే మారును! 1994 డిసెంబరులో ఒక బింబపు వెలుగు తటాలున తగ్గెను. రెండవది 1996 ఫిబ్రవరిలో తగ్గునా, జూనులోనా? అందరును వేచియుండిరి. ఫిబ్రవరిలోనే తగ్గెను, ఆలస్యము 417 దినములని తేలెను.