శిశువుల శౌచాభ్యాసము – బహుమానములు



రెండుమూడేండ్ల బిడ్డకు దొడ్డికి పోవు నలవాటు నేర్పుట యెంత యోపికతోడి పనియో తల్లులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. మన పెద్దలు నెలల బిడ్డనే పాదములమీద కూర్చుండబెట్టుకొని, "స్స్" అని సద్దుచేయుచు, వేళకు పోవునట్లు అలవఱచుచుండిరి. అందు బహుమానమునకు చోటు లేదు. తల్లి వేళ యెఱిగియుండుటయే చాలును. ఇప్పుడు డైపర్లు వాడు ఇండ్లలో ఈ పాఠము తఱచు రెండేండ్లు దాటిన పిమ్మటగాని మొదలుకాదు. అప్పటికి బిడ్డకు పంతమనునది యొకటి యేర్పడును. "పాటీమీద కూర్చుండుము, బెల్లపుముక్క పెట్టెదను" అను బేరము అక్కడ పుట్టును.

ఈ బేరమును మేము తప్పుపట్టము. కాని దేనికి బహుమాన మిచ్చుచున్నామో తల్లి చక్కగ నెఱిగియుండవలెను. ఒంటికైనను రెంటికైనను వచ్చినదని ముందుగా చెప్పుట, పాటీమీద కాసేపు కూర్చుండుట, పిమ్మట చేతులు కడుగుకొనుట – ఇవి బిడ్డ చేతిలోని పనులు. లాగు తడుపకుండుట అన్నివేళల బిడ్డ చేతిలో లేదు. నిదురలో నసలే లేదు. ఇంగ్లండులో పక్క తడుపు పిల్లలనుగూర్చి 2010 లో నైస్ అను సంస్థ ప్రకటించిన వైద్యసూచనలును ఈ మాటయే చెప్పినవి. పక్క తడియని రాత్రికిగాక, పడుకొనుటకు ముందు దొడ్డికి పోయివచ్చుట, తడిసిన దుప్పటి మార్చుటలో సాయపడుట వంటివానికి బహుమాన మియ్యవలెననియు, ఒకసారి యిచ్చినదానిని మరల లాగికొనరాదనియు వాని సారము.

పొడిలాగుకే మిఠాయి యన్నచో, తడిసిన లాగు తలుపువెనుక దాగును. బిడ్డ అబద్ధమునకు మొదటి పాఠ మక్కడనే నేర్చుకొనును. ఇంతకంటె కష్టమైనది మలబద్ధము. గట్టిపడిన మలము నొప్పిపెట్టగా బిడ్డ భయపడి బిగబట్టును. బిగబట్టినకొలది అది మఱింత గట్టిపడును. కొన్నాళ్ళకు నిండిన ప్రేవునుండి పలుచని మలము ప్రక్కలవెంట జాఱి లాగు పాడగును. అది బిడ్డకు తెలియనే తెలియదు. దానిని కొంటెతనమనుకొని మిఠాయి చూపినను ఫలములేదు, మిఠాయి మానిపించినను ఫలములేదు. వైద్యునికి చూపి, మలము మెత్తబడు మందిప్పించవలెను. నేలబారు దొడ్డిలో పెద్ద రంధ్రమును చూచి జడియు బిడ్డకును బహుమానముకంటె తల్లి చేయూత యవసరము.

బహుమానము ఉత్సాహమును చంపునని కొంద ఱందురు. 1973 లో అమెరికాలో లెప్పరు, గ్రీను, నిస్బెట్టు అను మనశ్శాస్త్రజ్ఞులు, బొమ్మలు గీయుట యిష్టమైన 3 మొదలు 5 ఏండ్ల పిల్లలకు అందమైన యోగ్యతాపత్రము నాసచూపి గీయించిరి. కొన్నాళ్ళ పిమ్మట ఆ పిల్లలు తమంత తాము గీయుటకు వెచ్చించిన కాలము, బహుమానమెఱుగని పిల్లలు వెచ్చించినదానిలో ఇంచుమించు సగమే. నిజమే. కాని పాటీమీద కూర్చుండుట మొదటినుండి యే బిడ్డకు నిష్టము? ముందుగా చెప్పక, పని ముగిసిన పిదప ఇచ్చిన పిల్లలకు మాత్రము ఉత్సాహము తగ్గలేదనుట గమనింపదగినది.

మిఠాయికంటె మాకు బొట్టుబిళ్ళ మేలని తోచును. పని కాగానే బిడ్డచేతనే క్యాలెండరుమీద అంటింపవచ్చును. సాయంకాల మిచ్చెదమన్న మాట రెండేండ్ల బిడ్డకు అందదు. నాయనమ్మగారు అడుగకయే జంతిక లిచ్చు నింటిలో తినుబండారపు బేరము సాగనే సాగదు! పెద్దబిడ్డ "నాకో?" అని వచ్చినచో వానికిని ఒక బిళ్ళ యిచ్చి, చెల్లెలి చేతులు కడిగించు పని యప్పగింపుడు. కొన్ని వారములకు బిడ్డ బిళ్ళ అడుగుట మఱచును. ఆనాడు మీరును గుర్తుచేయకుడు.