జట్టు పునర్నిర్మాణం: ఎడ్మంటన్ ఆయిలర్స్ ఉదాహరణ

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో నేషనల్ హాకీ లీగ్ జట్లు యువ ఆటగాళ్లను ‘డ్రాఫ్ట్’లో వంతులవారీగా ఎంచుకుంటాయి. అట్టడుగున నిలిచిన జట్లకు ముందు వంతు దక్కే అవకాశం ఎక్కువ. అందుకే సీనియర్లను వదులుకొని, కొన్నేళ్లు ఓడినా సరే, యువకులతో జట్టును కొత్తగా కట్టాలని కొందరు వాదిస్తారు. ఈ వాదన ఎంతవరకు సరైనది?

కెనడా జట్టు ఎడ్మంటన్ ఆయిలర్స్‌ను పరిశీలిద్దాం. 2010, 2011, 2012లలో మొదటి ఎంపిక దానికే దక్కింది. ఎంచుకున్న ముగ్గురూ ఫార్వర్డ్‌లే. 2015లో మళ్లీ మొదటి ఎంపికతో కానర్ మెక్‌డేవిడ్ వచ్చాడు. అయినా 2016 వరకు వరుసగా పది సీజన్లు జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు.

పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ 2003లో గోల్‌కీపర్ ఫ్లూరీని, 2005లో ఫార్వర్డ్ క్రాస్బీని మొదటి ఎంపికలుగా తీసుకొని, 2009లో స్టాన్లీ కప్ గెలిచింది.

దీన్నిబట్టి డ్రాఫ్ట్ ఆరంభం మాత్రమేనని గ్రహించాలి. గోల్, రక్షణ, దాడి మూడూ కుదరకపోతే ఓటములు పెట్టుబడి కావు, అలవాటవుతాయి.