చుట్ట ఆరిన పిమ్మట

చుట్ట మానదలచినవాడు రెండు దినములు ఎట్లో గడపి, మూడవ దినమున మరల అగ్గిపెట్టె వెదకికొనుట మనమందరము చూచినదే. మనసు గట్టిది కాదని ఇంటివారందురు. అతడును అట్లే తలచి సిగ్గుపడును. ఈ నింద ఎంతవరకు న్యాయమో చెప్పుటకు ముందు, శరీరములో జరుగు వ్యవహారమును కొంత విచారింతము.

పొగాకులోని నికోటిన్ అను ఆల్కలాయిడును 1828లో జర్మనీయందలి హైడెల్‌బర్గులో పోసెల్ట్, రైమాన్ అను ఇరువురు వేరుచేసిరి. పొగ పీల్చిన కొన్ని సెకండ్లలోనే అది మెదడును చేరి, డోపమీన్ అను రసాయనమును విడుదల చేయించి, తృప్తి కలిగించును. కాని చిరకాలము నిలువదు. రక్తములో సుమారు 2 గంటలకే సగమగును. కాలేయము దానిలో నూటికి 70 నుండి 80 పాళ్లను కోటినీన్ అను పదార్థముగా మార్చివేయును. ఇంగ్లీషులో నికోటిన్ పేరునందలి అక్షరములను తారుమారు చేసినచో వచ్చు పేరే ఇది. రసాయన శాస్త్రజ్ఞులకును చమత్కారము కలదు! కోటినీన్ చాల గంటలు నిలుచును గనుక, ఒకడు పొగాకు వాడుచున్నాడో లేదో తెలిసికొనుటకు వైద్యులు దానినే పరీక్షింతురు.

మేము చెప్పదలచినది ఇంకొక దానిని గూర్చి. నికోటిన్ అణువునుండి మిథైల్ అను చిన్న భాగము ఊడిపోగా మిగులు పదార్థమునకు నార్‌నికోటిన్ అని పేరు. పొగాకు పండి ఆరునపుడు ఆకులోనే ఇది కొంత పుట్టును; మన శరీరములో నికోటిన్ నుండియు కొద్దిగా పుట్టును. ఇంత స్వల్పమైన దానితో మనకేమి పని అని అనిపించుట సహజమే.

పని యున్నదని ఎలుకలు తెలిపినవి. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూడగా, ఎలుక మెదడులో నికోటిన్ గంటలోపుననే సగమైనది. నార్‌నికోటిన్ సగమగుటకు 3 గంటలకు కొంచెము తక్కువగా పట్టినది. మాటిమాటికి నికోటిన్ ఇచ్చినచో ఇది మెదడులో పేరుకొనును. పేరుకొని ఊరకుండదు. ఎలుక మెదడు తునకలపై దీనిని ప్రయోగించినపుడు డోపమీన్ వెలువడినది. 1999లో ప్రకటితమైన పరిశోధనలో, మీట నొక్కినచో నార్‌నికోటిన్ తమ రక్తములోనికి ఎక్కు ఏర్పాటు చేయగా, ఎలుకలు ఆ మీటను నొక్కుటకు అలవాటు పడినవి. ముందుగా ఈ పదార్థమును పుచ్చుకొన్న ఎలుకలు నికోటిన్ కొరకు మీట నొక్కుట తగ్గించినవని మరియొక ప్రయోగము తెలిపినది. అనగా రెండును మెదడులో ఇంచుమించు ఒకే తలుపును తట్టుచున్నవన్నమాట. వచ్చిన చుట్టము వెడలిపోయినను, ఆయన వెంట వచ్చినవాడు మన అరుగుమీదనే కూర్చుండియున్నాడు!

అయితే ఎలుక మనుష్యుడు కాదు. వ్యసనమునకు ప్రధాన కారణము నికోటినే. నార్‌నికోటిన్ దానికి తోడు కావచ్చుననుట వరకే మనము పోవచ్చును. మానుటకు సాయముగా వైద్యులిచ్చు నికోటిన్ బిళ్లలు, పట్టీలు శరీరములో ఇదే మార్గమున మార్పు చెందును. కాని అవి మెల్లగా పనిచేయును, వాటిలో పొగ లేదు. వానిని వాడినవారిలో మానగలిగినవారు ఎక్కువని పరీక్షలు నిర్ధారించినవి.

నార్‌నికోటిన్‌కు మరియొక అపకీర్తి కలదు. ఆకు ఆరునపుడు, నిలువయున్నపుడు దానినుండి ఎన్.ఎన్.ఎన్. అను క్యాన్సరు కారకము పుట్టును. నమలు పొగాకులోను ఇది యుండును గనుక, పొగ లేదు కదా యని ధైర్యపడుటకు వీలులేదు. నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటు మన ఉత్తర కోస్తాలో స్త్రీలలో అధికము. ఆ అంగిళ్లకు కలుగు హాని వేరుగ చెప్పవలసినంతటిది.

మొదట చెప్పిన మనిషి సంగతి. మానినవారికి బాధ సాధారణముగా మొదటి వారములోనే తీవ్రమగును, మూడు నాలుగు వారములలో చాలవరకు తగ్గును. మూడవ దినమున అతడు పోరాడునది తన మనసుతో మాత్రమే కాదు. ఆ దినమున ఇంటివారు దెప్పుట మాని, మన దేశములో 2018 నుండి పొగాకు పెట్టెలమీద ముద్రించిన ఉచిత సలహా ఫోను నంబరును అతనికి చూపవచ్చును.