గుడ్డు బతికుందో లేదో టార్చి లైటే చెబుతుంది: ఇంట్లో పిల్లలు తీయించే పద్ధతి

నందివాడ: గుడివాడ దాటి నందివాడ మండలంలోకి వస్తే ఎటు చూసినా చేపల చెరువులే. చెరువు గట్ల మీద, ఇళ్ళ వెనక దొడ్లలో నాటుకోళ్ళు, బాతులు తిరుగుతుంటాయి. చాలా ఇళ్ళల్లో ఈ కోళ్ళ లెక్కంతా ఆడవాళ్ళదే. గుడ్లు, కోడిపిల్లలు అమ్మగా వచ్చిన డబ్బు ఇంటి చిల్లర ఖర్చుకి, పిల్లల పుస్తకాలకి పనికొస్తుంది.

పెట్ట పొదగడానికి కూర్చుందంటే 21 రోజులు గుడ్డు పెట్టదు. ఆ తర్వాత పిల్లల్ని వెంటేసుకుని తిరిగినన్నాళ్ళూ పెట్టదు. అందుకే ఇంక్యుబేటర్ మీద ఆశ. కానీ 20 గుడ్లు పెడితే సగం కూడా పిల్లలు కాకపోతే మూడు వారాల కష్టం, కరెంటు, గుడ్ల ఖరీదు అన్నీ పోయినట్టే. ఆ నష్టం 21వ రోజున తెలిస్తే చేసేదేమీ ఉండదు. 7వ రోజునే తెలిస్తే సరిదిద్దుకోవచ్చు. అలా ముందే తెలుసుకునే పద్ధతే గుడ్డుని వెలుగులో చూడటం. పూర్వం కొవ్వొత్తి వెలుగులో చూసేవారు కాబట్టి దీనికి క్యాండ్లింగ్ అని పేరు. ఇప్పుడు సెల్‌ఫోన్ టార్చి చాలు.

ఏ గుడ్డు పెట్టాలి?

దుకాణంలో కొన్న ఫారం గుడ్డు పిల్ల కాదు. లేయర్ ఫారాల్లో పుంజులు ఉండవు. పుంజుతో కలిసి తిరిగే పెట్టల గుడ్లే పెట్టాలి. 8 నుంచి 10 పెట్టలకి ఒక పుంజు ఉంటే సరిపోతుంది.

గుడ్డు పెట్టి వారం దాటకూడదు. పెంకు మీద కంటికి కనపడని సన్నని పొర ఉంటుంది. అది లోపలికి సూక్ష్మజీవులు పోకుండా కాపాడుతుంది. కాబట్టి గుడ్లు కడగకూడదు. మరీ మురికిగా ఉన్నవి, పగులు ఉన్నవి పక్కన పెట్టేయాలి. సన్నని కొన కిందకి ఉండేలా చల్లని చోట దాచాలి. బండి మీద తెచ్చిన గుడ్లయితే కనీసం 12 గంటలు కదల్చకుండా ఉంచి, ఆ తర్వాతే డబ్బాలో పెట్టాలి.

డబ్బా, బల్బు, వేడి

చేపల ప్యాకింగ్‌కి వాడే థర్మకోల్ డబ్బాలు ఈ ప్రాంతంలో తేలిగ్గా దొరుకుతాయి. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన డబ్బా, పాతకాలం ఫిలమెంట్ బల్బు, డిజిటల్ థర్మోస్టాట్, చిన్న ఫ్యాను ఉంటే ఇంక్యుబేటర్ తయారు. గాలి ఆడటానికి డబ్బాకి నాలుగైదు చిల్లులు పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, దానికి చాలినంత వేడి ఉండదు. వైరింగ్ మాత్రం తెలిసినవాళ్ళతోనే చేయించాలి. లోపల నీళ్ళ గిన్నె ఉంటుంది, పక్కనే కరెంటు ఉంటుంది.

ఫ్యాను ఉన్న డబ్బాలో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. ఫ్యాను లేకపోతే గుడ్ల పైభాగం దగ్గర 38.5 డిగ్రీల దాకా ఉండాలి. రోజుకి 3 లేదా 5 సార్లు గుడ్లు తిప్పాలి. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రంతా గుడ్డు ఒకే పక్కన ఉంటుంది, మర్నాటి రాత్రికి ఆ పక్క మారాలి. ఒక పక్క గుణకారం గుర్తు, రెండో పక్క సున్నా పెన్సిల్‌తో గీసుకుంటే తికమక ఉండదు. 18వ రోజు నుంచి తిప్పడం ఆపేయాలి.

మన గాలిలో తేమ వేరు

మొదటి 18 రోజులు డబ్బాలో తేమ 50 నుంచి 55 శాతం, చివరి 3 రోజులు 65 నుంచి 70 శాతం ఉండాలి. అందుకని చాలామంది మొదటి రోజు నుంచే గిన్నె నిండా నీళ్ళు పోస్తారు. డెల్టాలో పొరపాటు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

వానాకాలంలో బయట 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉందనుకుందాం. అదే గాలి డబ్బాలో 37.5 డిగ్రీలకి వేడెక్కితే తేమ సుమారు 53 శాతానికి దిగుతుంది. కావలసింది అంతే! అలాంటి రోజుల్లో 18వ రోజు దాకా నీళ్ళు అక్కర్లేదు. జనవరిలో బయట 25 డిగ్రీలు, 70 శాతం తేమ ఉంటే మాత్రం లోపల 34 శాతమే అవుతుంది. అప్పుడు నీళ్ళు పెట్టాలి. తేమ మీటరు దొరికితే సరే, లేకపోయినా గుడ్డే చెబుతుంది.

7వ రోజు రాత్రి చూడాల్సింది

గది చీకటి చేయాలి. అట్టముక్కకి గుడ్డు కన్నా చిన్న చిల్లు పెట్టి, కింద నుంచి టార్చి వేసి, గుడ్డు లావు కొనని ఆ చిల్లు మీద ఆనించాలి. చేతులు కడుక్కుని, నాలుగైదు గుడ్ల చొప్పున తీసి త్వరగా చూసి లోపల పెట్టేయాలి.

ఎర్రని సన్నని నరాలు సాలెగూడులా పరుచుకుని, మధ్యలో నల్లని చుక్క కనిపిస్తే పిండం బతికే ఉంది. ఏమీ లేకుండా పసుప్పచ్చగా వెలుగుతుంటే అది పిల్ల కాని గుడ్డు. నరాలు లేకుండా ఎర్రని ఉంగరం ఒక్కటే కనిపిస్తే పిండం మొదలై చచ్చిపోయింది. అనుమానంగా ఉన్నదాన్ని పడేయొద్దు, గుర్తు పెట్టి 10వ రోజున మళ్ళీ చూడాలి.

14వ రోజున గుడ్డులో చాలా భాగం నల్లగా ఉంటుంది, లోపల కదలిక కనపడొచ్చు. 18వ రోజుకి లావు కొన దగ్గరి గాలి గది తప్ప అంతా నలుపే. ఈ గాలి గదే తేమ లెక్క చెబుతుంది. అది చిన్నదిగానే ఉండిపోతే తేమ ఎక్కువైంది, పిల్ల పెంకులోనే ఊపిరాడక పోతుంది. మరీ పెద్దదైతే తేమ చాలలేదు. వంటింటి డిజిటల్ కాటా ఉంటే ఇంకా తేలిక. 50 గ్రాముల గుడ్డు 18వ రోజుకి సుమారు 44 గ్రాములకి తగ్గాలి.

చచ్చిన గుడ్లు లోపలే ఉంటే కుళ్ళి, ఒక్కోసారి పగిలి, మంచివాటిని కూడా పాడు చేస్తాయి. వాటిని గొయ్యి తీసి పూడ్చాలి. తెల్లగా ఉన్న గుడ్డు తినొచ్చా అని అడిగేవాళ్ళుంటారు. మసలా సంగతి ఆలిమ్‌లని అడగాలి. ఆరోగ్యం వైపు నుంచి అయితే, వారం రోజులు వేడిలో ఉన్న గుడ్డుని వంటింట్లోకి తేవొద్దు. మంచి గుడ్లలో కలిపి అమ్మడం పచ్చి మోసం.

కరెంటు పోతే

గంటా రెండు గంటలు పోతే కంగారు అక్కర్లేదు. మూత తీయకుండా దుప్పటి కప్పాలి. ఇంకా ఆలస్యమైతే వేడినీళ్ళ సీసాలు గుడ్డలో చుట్టి గుడ్లకి తగలకుండా లోపల పెట్టాలి. వేడి తగ్గడం కన్నా పెరగడమే ప్రమాదం. 40 డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంటే పిండాలు చచ్చిపోతాయి.

బాతు గుడ్లయితే

బాతు గుడ్లకి 28 రోజులు, 25వ రోజు నుంచి తిప్పడం ఆపాలి. కౌజు పిట్టకి 17, 18 రోజులు చాలు. బాతుగుడ్లని కోడి కింద పెట్టి పొదిగించడం పాత అలవాటే.

ఈ విద్య కొత్తదేమీ కాదు. ఈజిప్టులో మట్టి పొయ్యిల గదుల్లో వేల గుడ్లు పొదిగించేవారు. 1200 ప్రాంతంలో అక్కడున్న వైద్యుడు అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ ఆ పద్ధతిని వివరంగా రాసిపెట్టారు.

పిల్ల వచ్చాక

పెంకు పగలడం మొదలయ్యాక పిల్ల బయటికి రావడానికి ఒక రోజు దాకా పట్టొచ్చు. పెంకు ఒలిచి సాయం చేస్తే రక్తం పోయే ప్రమాదం ఉంది. మాటిమాటికీ మూత తెరిస్తే తేమ పోతుంది. పుట్టిన పిల్ల కడుపులోని పచ్చసొనతో 2 రోజులు బతకగలదు. తర్వాత మొదటి వారం 35 డిగ్రీల వేడిలో ఉంచి, వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి.

కొక్కెర తెగులు టీకా 5 నుంచి 7 రోజుల వయసులో వేయించాలి, దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో అడగాలి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది. అలాంటప్పుడు బయటి ఊళ్ళ గుడ్లు, కోళ్ళు తేకపోవడమే మంచిది.

లెక్క రాసుకోండి

60 వాట్ల బల్బు 21 రోజులు ఆగకుండా వెలిగితే 30 యూనిట్లు. థర్మోస్టాట్ సగం సేపు ఆపితే 15. దాన్ని మీ బిల్లులోని రేటుతో గుణించి గుడ్ల ఖరీదు కలపండి. 20 గుడ్లు పెట్టి, 7వ రోజున 3 తీసేసి, చివరికి 12 పిల్లలు వస్తే, పెట్టినవాటిలో 60 శాతం, పిండం కట్టిన 17లో సుమారు 71 శాతం వచ్చినట్టు. తెల్ల గుడ్లే ఎక్కువైతే లోపం పుంజులోనో, గుడ్లు దాచిన తీరులోనో ఉంది. పిండం కట్టాక చచ్చినవి ఎక్కువైతే డబ్బాలో వేడి, తేమ చూసుకోవాలి. ప్రతి విడతకీ ఈ రెండు అంకెలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టుకుంటే, వచ్చేసారి ఏం మార్చాలో అందులోనే తెలుస్తుంది.