మీకు తెలుసా? ‘మీన్ గర్ల్స్’ కరెన్ మన తెలుగు సినిమాలోనే పెరిగింది

ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదివే మా మేనకోడలు మొన్న సెలవులకు వేంపల్లె వచ్చింది. పంచలో కూర్చుని ఫోన్‌లో హాలీవుడ్ సినిమా ‘మీన్ గర్ల్స్’ చూస్తా, “మామా, ఈ పాప మనోళ్ళ పిల్లేనంట!” అని నా ముందుకు తోసింది. తెర మీద అవంతిక వందనపు. ఆ పిల్ల ఎక్కడ మొదలైందో ఆ రోజే కూర్చుని వెతికాను.

● 2005లో కాలిఫోర్నియాలోని యూనియన్ సిటీలో పుట్టింది. ఇంటివాళ్ళది హైదరాబాద్.

● మొదట పేరు తెచ్చింది నటన కాదు, డాన్సు. 2014లో జీ టీవీ ‘డాన్స్ ఇండియా డాన్స్ లిల్ మాస్టర్స్’ ఉత్తర అమెరికా పోటీలో రెండో స్థానం.

● 2016లో మహేశ్‌బాబు ‘బ్రహ్మోత్సవం’లో కనిపించింది. అదే ఏడు ‘ప్రేమమ్’లో చిన్నప్పటి సింధు, మరుసటేడు ‘రారండోయ్ వేడుక చూద్దాం’లో చిన్నప్పటి భ్రమరాంబ. ఈ ‘చిన్నప్పటి’ వేషాలను మనం తేలిగ్గా తీసుకుంటాం గానీ, అవి చాలా కష్టం. ఉండేది కాసేపే. ఆ కాసేపట్లోనే, ఈ పిల్లే పెరిగి భ్రమరాంబ వేసిన రకుల్ ప్రీత్ అయిందని మనం నమ్మాలి. చూపు, నడక, మూతి విరుపు అన్నీ రేపటి హీరోయిన్‌కు సరిపోవాలి. మనం నమ్మాం. నమ్మించిన పిల్ల పేరు మాత్రం ఎవరమూ అడగలేదు. నాకు బాధనిపించేది ఇదే.

● 2021లో డిస్నీ ఛానెల్ సినిమా ‘స్పిన్’లో హీరోయిన్ ఆమే. భారతీయ మూలాలున్న అమ్మాయి ప్రధాన పాత్రగా డిస్నీ ఛానెల్ తీసిన మొదటి సినిమా అది. దర్శకురాలు మంజరి మాకిజానీ ఎవరో తెలుసా? ‘షోలే’లో బండ మీద తుపాకీ పట్టుకుని కూర్చున్న సాంబా, అదే మాక్ మోహన్, కూతురు.

● 2004లో మొదటి ‘మీన్ గర్ల్స్’ వచ్చేనాటికి అవంతిక ఇంకా పుట్టనే లేదు. అందులో అమాండా సైఫ్రెడ్ వేసిన పాత్ర పేరు కరెన్ స్మిత్. 2024లో అదే వేషం అవంతికకు వచ్చేసరికి కరెన్ శెట్టి అయింది! లోకం తెలియని అమాయకురాలి పాత్ర. తాను నవ్వకుండా ఎదుటివాళ్ళను నవ్వించాలి.

● ఆ విద్య మావైపు కొత్తది కాదు. పులివెందుల దాటితే వచ్చే సింహాద్రిపురంలో 1931లో పుట్టిన పద్మనాభం, 1951లో ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా చేసింది అదే. అప్పటికి ఆయనకు నిండా ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఎస్వీ రంగారావు గర్జిస్తుంటే పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడే ఆ శిష్యుణ్ణి ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు.

● ఇంటిపేరు ముందు పెట్టుకోవడం మన అలవాటు. అవంతిక మాత్రం హాలీవుడ్ టైటిల్స్‌లో ముందూ వెనకా ఏమీ లేకుండా ఒక్క ‘అవంతిక’ అనే వేయించుకుంటుంది.