కెమెరా సంచి: వాన ఆగితే చాలదు, చెమట ఆరాలి

శుశునియా కొండ నుంచి కోల్‌కతాకు తిరిగొచ్చిన రెండు నెలలకు నా లెన్స్ లోపల సాలెగూడు లాంటి సన్నని పోగులు కనిపించాయి. బూజు! ఆ రోజు కొండ మీద చుక్క వాన పడలేదు. చెమటతో తడిసిన వీపు సంచికి జిప్పు వేసి, కెమెరాతో సహా బీరువాలో పెట్టేశాను. కొనేటప్పుడు జేబులెన్నో లెక్కపెట్టాను కానీ తేమ ఎటు పోతుందో చూడలేదు.

బాంకుడా జిల్లాలోని ఈ సుమారు 440 మీటర్ల కొండ కోల్‌కతా నడక ప్రియులకు బాగా తెలిసిన చోటు. ఇలాంటి ఒక్కరోజు నడకకు సంచి ఎంచుకోవడంలో రెండు చిక్కులున్నాయి: తేమ, బరువు.

తేమను అడ్డుకోవడం ఈ నగరానికి పాత విద్యే. 1920లో సురేంద్రమోహన్ బోస్ మొదలుపెట్టిన బెంగాల్ వాటర్‌ప్రూఫ్ వర్క్స్ 'డక్‌బ్యాక్' రెయిన్‌కోట్లు, బడి సంచులు ఇక్కడ తరాల పాటు వాడారు. రబ్బరు పూసిన బట్టలోంచి నీరు లోపలికి రాదు. లోపలి ఆవిరి కూడా బయటికి పోదు. కెమెరా సంచితోనూ ఇదే ఇబ్బంది. అందుకే సంచి మొత్తం వాటర్‌ప్రూఫ్ కానక్కర్లేదు. కెమెరా ఉండే మెత్తటి పెట్టె ఒక్కదాన్ని నోరు మడిచి మూసే పలుచని జలనిరోధక సంచిలో పెట్టుకుంటే చాలు. పైన తొడిగే రెయిన్ కవర్‌ను మాత్రమే నమ్మకండి. అది వీపు వైపు కప్పదు. కాలవైశాఖి వానలో మెడ మీది నుంచి జారే నీళ్లు సరిగ్గా అటే దిగుతాయి.

ఇక బరువు. చిన్న లెన్స్‌తో కెమెరా 1.2 కిలోలు, టెలీ లెన్స్ 1.5, రెండు లీటర్ల నీళ్లు 2, ఖాళీ సంచి 1.3 అనుకుందాం. మొత్తం 6 కిలోలు. ఈ భారం వెన్నెముకకు సగటున 15 సెంటీమీటర్ల వెనక ఉంటే మనల్ని వెనక్కి లాగే టార్క్ సుమారు 8.8 న్యూటన్ మీటర్లు. వీపుకూ సంచికీ మధ్య గాలాడే జాలీ ఉన్న సంచుల్లో భారం మరో 5 సెంటీమీటర్లు వెనక్కి జరిగితే అది 11.8 అవుతుంది. చాలామంది ఇక్కడే జాలీని తోసిపుచ్చుతారు. నా లెక్క వేరు. మొండెం బరువు 40 కిలోలైతే, ఆ తేడాను సరిచేయడానికి మనం అదనంగా ముందుకు వంగేది 7.5 మిల్లీమీటర్లు. అర అంగుళం కూడా కాదు! గాలిలో తేమ నిండిన చోట చెమట త్వరగా ఆరదు కాబట్టి వీపుకు గాలి తగలాలి. నేనైతే జాలీకే ఓటేస్తాను. టెలీ లెన్స్‌ను బయటి జేబులో కాక వీపు పక్కనే పెడితే, జాలీ వల్ల పెరిగిన టార్క్‌లో చాలా భాగం తగ్గిపోతుంది.

నడుము పట్టీ తప్పనిసరి. దుకాణంలో ఖాళీ సంచి ఎవరికైనా హాయిగానే ఉంటుంది. మీ కెమెరా, రెండు నీళ్ల సీసాలు తీసుకెళ్లి, నింపి, పది నిమిషాలు నడిచి చూడండి. పట్టీ బిగించగానే భుజాలు తేలికపడకపోతే ఆ సంచి మీ ఒడ్డుకు సరిపోదు.

లోపలి ఫోమ్‌ను కూడా వేలితో నొక్కి చూడండి. స్పాంజిలా నీరు పీల్చే రకం ఆరడానికి రోజులు పడుతుంది.

ఇంకో సంగతి. బయట 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే గాలిలోని ఆవిరి 27 డిగ్రీల దగ్గరే నీటిగా మారడం మొదలవుతుంది. దీన్నే తుషార బిందువు అంటారు. ఏసీ బోగీలో 24 డిగ్రీలకు చల్లబడిన కెమెరాను దిగగానే బయటికి తీస్తే అద్దం మసకబారుతుంది. బోగీలో ఉండగానే జిప్ కవర్‌లో మూసేస్తే ఆ చెమ్మ కవర్ మీదే పడుతుంది. కెమెరా బయటి వేడికి వచ్చాక తీయండి.

ఇంటికి రాగానే నేనిప్పుడు సంచిని ఖాళీ చేసి, జిప్పులన్నీ తెరిచి ఫ్యాను కింద వేలాడదీస్తున్నాను. కెమెరా మాత్రం సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలోకి పోతుంది. బూజు పట్టిన ఆ లెన్స్ ఇంకా నా దగ్గరే ఉంది. ఎదురు వెలుగులో తీసిన ప్రతి ఫొటో పాలిపోయి వస్తోంది.